కారు హీటర్ ఎలా పనిచేస్తుంది, వేడి రాకపోతే ఎక్కడ వెతకాలి

హీటర్ వేస్తే పెట్రోల్ ఎక్కువ తాగుతుందని భయపడి, చలికి వణుక్కుంటూనే బండి నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏసీ విషయంలో ఆ లెక్క నిజమే, ఎందుకంటే కంప్రెసర్‌ని తిప్పడానికి ఇంజన్ అదనంగా కష్టపడాలి. హీటర్ సంగతి అలా కాదు. పెట్రోల్, డీజిల్ కార్లలో వేడి పుట్టించడానికంటూ విడిగా ఏ యంత్రమూ ఉండదు (కొన్నిట్లో చిన్న ఎలక్ట్రిక్ హీటర్ తోడుగా ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను). ఇంజన్ ఎలాగూ బయటికి పారేస్తున్న వేడిలో కొంత మన కాళ్ల దగ్గరికి మళ్లించడమే హీటర్ చేసే పని. ఖర్చయ్యేదల్లా ఫ్యాన్ తిరగడానికి కావలసిన కాస్త కరెంటు.

ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. హీటర్ అనేది ఇంజన్ కూలింగ్ సిస్టమ్‌లో ఒక భాగం. అందుకే హీటర్ సరిగ్గా పనిచేయడం లేదంటే చాలాసార్లు తేడా వచ్చింది డ్యాష్‌బోర్డ్‌లో కాదు, బానెట్ కింద. "చలికాలం ఇంకెన్ని రోజులులే" అని వదిలేస్తే, ఆ తేడాయే ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయే దాకా తీసుకెళ్లొచ్చు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజన్లో మండిన ఇంధనంలోని శక్తిలో చక్రాల దాకా చేరేది సుమారు మూడో వంతు, చాలాసార్లు అంతకంటే తక్కువే. మిగిలిందంతా వేడిగా పోతుంది, కొంత సైలెన్సర్ గుండా, కొంత ఇంజన్ గోడల్లోకి. ఆ గోడల్లోని వేడిని తీసుకోవడానికి ఇంజన్ లోపలి దారుల్లో కూలెంట్ తిరుగుతూ ఉంటుంది. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టకుండా చూసే మందులు కలిపిన ద్రవం అది. నీళ్లూ గ్లైకాలూ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మామూలు నీళ్లకంటే ఎక్కువ వేడికి గానీ మరగదు కూడా.

కూలెంట్‌ని తిప్పేది వాటర్ పంప్. ఎంత వేడి దగ్గర ఇంజన్ నిలకడగా ఉండాలో చూసుకునేది థర్మోస్టాట్. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది, అది వేడికి కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది, చల్లబడితే స్ప్రింగ్ దాన్ని మళ్లీ మూసేస్తుంది. మామూలుగా 82 నుంచి 95 డిగ్రీల మధ్య, కారుని బట్టి, తెరుచుకుంటుంది. అంతవరకు కూలెంట్ కారు ముందువైపు ఉన్న పెద్ద రేడియేటర్ (కూలెంట్ వేడిని గాలికి వదిలి చల్లబరిచేది) వైపు పోకుండా ఇంజన్లోనే తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది.

ఇక్కడే మనకి కావలసిన విషయం ఉంది. చాలా కార్లలో ఇంజన్ నుంచి ఇంకో సన్నని దారి క్యాబిన్ వైపు పోతుంది, దానికి థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఆగాల్సిన పని లేదు. ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ఇనుప గోడలోంచి రెండు రబ్బరు పైపులు లోపలికి వెళ్లి డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న ఒక బుల్లి రేడియేటర్‌కి తగులుకుంటాయి. దాన్నే హీటర్ కోర్ అంటారు. ఒక పైపులోంచి వేడి కూలెంట్ వస్తుంది, కోర్‌లోని సన్నని గొట్టాల గుండా పోతూ వేడిని గాలికి ఇచ్చి, రెండో పైపు గుండా ఇంజన్‌కి తిరిగి వెళుతుంది. కొన్ని కార్లలో ఈ దారిలో ఒక వాల్వ్ కూడా ఉంటుంది, హీటర్ వద్దనుకుంటే అది కూలెంట్‌ని ఆపేస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే వేడి రాకపోవడానికి కారణం ఇదే. కూలెంట్‌లోనే వేడి లేనప్పుడు కోర్ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

గాలి వచ్చే దారి

గాలి ఎక్కువ కార్లలో ముందు అద్దం కింద ఉన్న జల్లెడ లాంటి ఖాళీల్లోంచి లోపలికి వస్తుంది. రీసర్క్యులేషన్ బటన్ నొక్కితే ఆ దారి మూసుకుని, క్యాబిన్‌లో ఉన్న గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తర్వాత క్యాబిన్ ఫిల్టర్, బ్లోవర్ ఫ్యాన్, దాని తర్వాత ఏసీ చల్లని కాయిల్, అది దాటాక హీటర్ కోర్. ఏసీ కాయిల్ ముందు, హీటర్ కోర్ వెనక అనే ఈ వరస గుర్తుపెట్టుకోండి, అద్దాల మీద ఆవిరి సంగతి చెప్పేటప్పుడు మళ్లీ అవసరం పడుతుంది. బయటి గాలిని ఫిల్టర్ చేసి, హీటర్ మీదుగా క్యాబిన్‌లోకి తోసే ఈ పద్ధతిని అమెరికాలో నాష్ మోటార్స్ 1938లోనే తన కార్లలో పెట్టింది, అంటే మనం వాడుతున్నదానికి పునాది చాలా పాతది.

టెంపరేచర్ నాబ్ తిప్పితే జరిగేది చాలామంది అనుకునేది కాదు. ఎక్కువ కార్లలో కోర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. నాబ్ తిప్పినప్పుడు కదిలేది బ్లెండ్ డోర్ అనే ఒక ప్లాస్టిక్ రెక్క. అది గాలిలో ఎంత భాగం కోర్ మీదుగా పోవాలి, ఎంత భాగం పక్కనుంచి చల్లగానే పోవాలి అని పంచుతుంది, తర్వాత రెండూ కలుస్తాయి. స్నానానికి బకెట్లో వేడినీళ్లు, చన్నీళ్లు సరిపడా కలుపుకోవడం ఎలాగో ఇదీ అంతే. పాత కార్లలో ఈ రెక్కని ఒక తీగ లాగుతుంది, కొత్తవాటిలో చిన్న మోటార్ తిప్పుతుంది. ముఖానికా, కాళ్లకా, అద్దానికా అని గాలిని మళ్లించేవి ఇలాంటివే ఇంకొన్ని రెక్కలు.

సరిగ్గా వాడుకోవడం

స్టార్ట్ చేయగానే ఫ్యాన్ ఫుల్లుగా పెట్టకండి. ఒంటి మీద చల్లగాలి కొట్టడం తప్ప లాభం లేదు, పైగా కూలెంట్‌లో అప్పుడప్పుడే పుడుతున్న వేడిని ఫ్యాన్ లాగేసి ఇంజన్ వేడెక్కడాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. టెంపరేచర్ ముల్లు కొంచెం లేచాక ఫ్యాన్ పెంచండి. నిలబెట్టి ఐడిల్‌లో వేడి చేయడం కంటే నెమ్మదిగా నడుపుకుంటూ పోతే ఇంజన్ చాలా త్వరగా వేడెక్కుతుంది, ఎందుకంటే ఐడిల్‌లో మండే ఇంధనమే తక్కువ. అద్దాలు శుభ్రంగా కనిపిస్తూ ఉండాలి, అది మాత్రం కదలకముందే చూసుకోవాలి. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్లు పోయకండి, ఒక్కసారిగా వచ్చే ఆ వేడి తేడాకే అద్దం పగలొచ్చు.

వేడిగాలిని కాళ్లవైపు పెట్టండి. వేడిగాలి ఎలాగూ పైకి లేస్తుంది కాబట్టి క్యాబిన్ అంతా సమంగా వెచ్చబడుతుంది. మొదటి కొద్ది నిమిషాలు రీసర్క్యులేషన్ పెడితే త్వరగా వేడెక్కుతుంది, కానీ అలాగే వదిలేయకూడదు. మన ఊపిరిలోని తేమ, తడి బూట్లలోంచి, బట్టల్లోంచి లేచే తేమ లోపలే చిక్కుకుని చల్లని అద్దం మీద ఆవిరిలా పేరుకుంటుంది. అద్దాలు మసకబారుతున్నాయంటే నాకు మొదట వచ్చే అనుమానం రీసర్క్యులేషన్ బటన్ మీదే.

ఆవిరి పోవాలంటే చేయాల్సింది: బయటి గాలి, గాలి అద్దం వైపు, టెంపరేచర్ వేడి వైపు, ఏసీ ఆన్. అవును, హీటర్‌తో పాటే ఏసీ. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. పైన చెప్పిన వరస చూడండి: గాలి ముందు చల్లని కాయిల్‌కి తగులుతుంది, దానిలోని తేమ అక్కడ నీళ్లుగా మారి కారు కిందికి కారిపోతుంది, ఆ పొడిగాలి తర్వాత కోర్ దగ్గర వేడెక్కి అద్దానికి తగులుతుంది. పొడిగా, వేడిగా ఉన్న గాలి తేమని ఇట్టే పీల్చేస్తుంది. అందుకే చాలా కార్లలో డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే ఏసీ దానంతటదే ఆన్ అవుతుంది. గడ్డకట్టే చలిలో చాలా కార్లు కంప్రెసర్‌ని ఆన్ కానివ్వవు, అప్పుడు కంగారు పడకండి, అంత చలిగాలిలో తేమ ఎలాగూ తక్కువే, దాన్ని వేడి చేస్తే చాలు.

మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి హీటర్ వేసుకుని కూర్చోవడం, ఇంజన్ నడుస్తుండగా లోపల నిద్రపోవడం, ఈ రెండూ ఎప్పుడూ చేయకండి. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, తలనొప్పి, మత్తు వచ్చేసరికే ఆలస్యం కావచ్చు. మంచులో ఇరుక్కుంటే ముందు దిగి, సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోలేదని చూసుకున్నాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి.

వేడి రావడం లేదు, ఏం చేయాలి

ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. ఇరవై నిమిషాలు నడిపాక కూడా ముల్లు కిందే ఉంటే, ముఖ్యంగా హైవే మీద వెళ్తుంటే కిందికి జారి, ట్రాఫిక్‌లో పైకి లేస్తుంటే, థర్మోస్టాట్ తెరుచుకునే ఇరుక్కుపోయిందని దాదాపు ఖాయం. కూలెంట్ అంతా ఎప్పుడూ పెద్ద రేడియేటర్ గుండా పోయి చల్లబడుతోంది. థర్మోస్టాట్ పెద్ద ఖరీదైన పార్ట్ కాదు, మార్పించేయండి. థర్మోస్టాట్ పీకేసి "ఇంజన్ చల్లగా ఉంటుంది, మంచిదే" అని చెప్పే మెకానిక్‌లు కొందరున్నారు, ఆ మాట వినొద్దు. కావలసినంత వేడెక్కని ఇంజన్ ఎక్కువ ఇంధనం తాగుతుంది, త్వరగా అరుగుతుంది, హీటర్ ఎలాగూ పనిచేయదు.

ముల్లు మామూలుగా ఉండి కూడా చల్లగాలే వస్తుంటే, కూలెంట్ మట్టం చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి, ఇది బతిమాలి చెబుతున్నాను. లోపల ఒత్తిడిలో ఉన్న కూలెంట్ వంద డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటుంది, మూత వదులవగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మట్టం తక్కువగా ఉంటే నింపండి, కానీ అక్కడితో పని అయిపోలేదు. అది మూసి ఉన్న సిస్టమ్, కూలెంట్ ఊరికే తగ్గదు. ఎక్కడికి పోయిందో కనుక్కోవాలి: కారు కింద మరకలు, పైపుల జాయింట్లు, వాటర్ పంప్ కింద తడి, లోపల కార్పెట్. ఎక్కడా కనపడకుండా తగ్గుతూ ఉండి, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ ట్యాంకులో బుడగలు లేస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందేమో చూపించుకోవాలి, అది వాయిదా వేసే పని కాదు.

మట్టం సరిగానే ఉంది అనుకుందాం. అప్పుడు ఇంజన్ బాగా వేడెక్కాక హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, బానెట్ ఎత్తి, లోపలికి వెళ్లే ఆ రెండు పైపులని చేత్తో ముట్టుకుని చూడండి. ఫ్యాన్‌కి, బెల్టులకి చెయ్యి, వదులు బట్టలు దూరంగా ఉంచి, చటుక్కున తాకి తీసేయాలి, ఎక్కువసేపు పట్టుకుంటే కాలుతుంది. ఏ పరికరమూ అక్కర్లేని ఈ చిన్న పరీక్ష సగం వెతుకులాట తగ్గిస్తుంది.

రెండు పైపులూ బాగా వేడిగా ఉన్నాయంటే కోర్‌కి వేడి చేరుతోంది, తప్పు గాలి వైపు ఉంది. ఒకటి వేడిగా, ఇంకోటి చల్లగా లేదా గోరువెచ్చగా ఉంటే కోర్ పూడిపోయింది, లేదా వాల్వ్ మూసుకునే ఉంది. రెండూ చల్లగా ఉంటే వేడి కూలెంట్ అక్కడి దాకా రావడమే లేదు: గాలి ఇరుక్కుని ఉండొచ్చు, వాటర్ పంప్ బలహీనపడి ఉండొచ్చు, పైపు దారిలో ఏదైనా అడ్డం పడి ఉండొచ్చు.

నడుపుతుంటే వేడి వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే చల్లబడుతుంది అనే ఫిర్యాదు చాలా తరచుగా వింటాం. కూలెంట్ తక్కువైనప్పుడు, లోపల గాలి ఇరుక్కున్నప్పుడు, పంప్ రెక్కలు అరిగినప్పుడు ఇలాగే అవుతుంది. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు పంప్ ఎలాగో తోస్తుంది, ఐడిల్‌లో తోయలేదు.

గాలి బుడగలు తీయడం

కూలెంట్ మార్చాక హీటర్ పనిచేయడం మానేసిందంటే నూటికి తొంభై సార్లు గాలి ఇరుక్కునే ఉంటుంది. చాలా కార్లలో హీటర్ కోర్ కొంచెం ఎత్తులో ఉంటుంది, గాలి వెళ్లి అక్కడే తిష్ట వేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కారు ముక్కు కాస్త పైకి ఉండేలా వాలు మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి అడ్డం పెట్టండి. హీటర్ ఫుల్ వేడిలో, ఫ్యాన్ తక్కువలో ఉండాలి. మూత తీసి నింపి, ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలండి. బుడగలు వస్తున్నకొద్దీ మట్టం దిగుతుంది, కొంచెం కొంచెంగా పోస్తూ ఉండండి, అప్పుడప్పుడు రేస్ పెంచి పైపులని మెల్లగా నొక్కి వదలండి. థర్మోస్టాట్ తెరుచుకుని, బుడగలు ఆగి, లోపల వేడిగాలి నిలకడగా వచ్చాక మూత పెట్టేయండి. మధ్యలో ముల్లు మామూలు కంటే పైకి పోయినా, కూలెంట్ పొంగి పైకి వస్తున్నా ఇంజన్ ఆపి చల్లారనివ్వాలి. కొన్ని కార్లలో గాలి వదలడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది, కొన్ని కొత్తవాటిలో వాక్యూమ్ మెషీన్‌తో నింపితే గానీ గాలి పోదు. మీ కారు మాన్యువల్లో ఏముందో ముందే చూసుకోండి. చల్లారాక మరోసారి మట్టం చూడటం మర్చిపోవద్దు.

కోర్ పూడిపోతే

మామూలు కుళాయి నీళ్లు పోస్తూ పోయిన కారులో మొదట పూడుకుపోయేది హీటర్ కోరే, ఎందుకంటే దాని గొట్టాలు చాలా సన్నం. తుప్పు, నీళ్లలోని ఉప్పు, రెండు రకాల కూలెంట్లు కలిస్తే కొన్నిసార్లు తయారయ్యే జిగురు, అన్నీ అక్కడే చేరతాయి. లీకు ఆపుతుందని రేడియేటర్లో పోసే పొడులు, ద్రవాలు కూడా అంతే: వాటికి ఏది లీకు, ఏది సన్నని దారి అనే తేడా తెలియదు. దారిలో ఇంకో గతి లేనప్పుడు తప్ప వాటి జోలికి పోవద్దని నా సలహా.

శుభ్రం చేయాలంటే చల్లని ఇంజన్ మీద కూలెంట్ కొంత దించి, గోడ దగ్గర రెండు పైపులూ ఊడదీయండి. పాత కార్లలో కోర్ మూతులు పెళుసుగా ఉంటాయి, రబ్బరు పైపు అతుక్కుపోయి ఉంటే బలంగా మెలితిప్పకుండా పైపునే నిలువుగా కోసి తీసి కొత్తది వేసుకోవడం మేలు, కోర్ మూతి విరిగితే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సి రావచ్చు. కూలెంట్ బయటికి వచ్చే మూతిలోంచి మామూలు గొట్టంతో తక్కువ ఒత్తిడిలో నీళ్లు పట్టండి, అంటే ఉల్టా దిశలో. మురికి ఏ దిశలో వచ్చి ఇరుక్కుందో దానికి ఎదురు దిశలో తోస్తే సులువుగా వదులుతుంది. కాసేపు ఇటు, కాసేపు అటు, నీళ్లు తేటగా వచ్చేవరకు. కంప్రెసర్ గాలితో, ప్రెషర్ వాషర్‌తో మాత్రం వద్దు, కోర్ పగిలిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన, మీ కారుకి చెప్పిన రకం కూలెంటే పోసి గాలి తీయండి. రంగు చూసి కూలెంట్ కొనకండి, ఒకే రంగులో వేర్వేరు రకాలు అమ్ముతారు.

తీసిన పాత కూలెంట్‌ని నేల మీద, కాలువలో పారబోయొద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకేస్తాయి, కొద్దిగా తాగినా ప్రాణం పోతుంది. డబ్బాలో మూతపెట్టి, పిల్లలకి అందకుండా ఉంచి, పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట ఇచ్చేయండి.

కోర్ లీకైతే ఆనవాళ్లు స్పష్టంగా ఉంటాయి: హీటర్ వేయగానే తియ్యటి వాసన, ముందు అద్దం లోపలివైపు తుడిచినా పోని జిడ్డు పొర, డ్యాష్‌బోర్డ్ కింద కార్పెట్ తడి. ఇది మార్చాల్సిందే. కోర్ చవకే కానీ దాన్ని చేరుకోవడమే పెద్ద పని, కూలీ ఎక్కువ అవుతుంది. అందాకా రెండు పైపులనీ ఒకదానికొకటి కలిపి కోర్‌ని తప్పించి నడపొచ్చు, చాలా కార్లలో కుదురుతుంది, కానీ అద్దం మీద ఆవిరి తీయడానికి వేడిగాలి ఉండదు కాబట్టి చలిలో, వానలో ఎక్కువ దూరం పోవద్దు.

తప్పు గాలి వైపు ఉంటే

ఫ్యాన్ ఆఖరి స్పీడ్‌లో మాత్రమే తిరిగి, తక్కువ స్పీడ్‌లలో తిరగకపోతే బ్లోవర్ రెసిస్టర్ (ఫ్యాన్‌కి వెళ్లే కరెంటు తగ్గించి స్పీడ్ తగ్గించే భాగం) పోయినట్టు, చాలా కార్లలో మార్చడం సులువు. అసలే తిరగకపోతే ఫ్యూజు, తర్వాత మోటార్. గాలి బలహీనంగా వస్తే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. డ్యాష్‌బోర్డ్ వెనక టక్ టక్ మని చప్పుడు వస్తూ వేడి మారకపోతే బ్లెండ్ డోర్ మోటార్‌లో పళ్లు అరిగినట్టు. డ్రైవర్ వైపు వేడి, పక్క సీటు వైపు చలి అంటే, రెండువైపులా విడివిడిగా టెంపరేచర్ పెట్టుకునే కార్లలో ఇదే మోటార్‌ని అనుమానించాలి, మిగతావాటిలో కోర్ సగం పూడి ఉండొచ్చు.

డీజిల్, ఎలక్ట్రిక్ కార్లు

డీజిల్ ఇంజన్ వృథా చేసే వేడి తక్కువ కాబట్టి నిదానంగా వెచ్చబడుతుంది, అందుకే చాలావాటిలో తోడుగా చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెడతారు. ఎలక్ట్రిక్ కారులో అయితే వృథా వేడి దాదాపు లేనట్టే, హీటర్ వేసిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చవుతుంది. తీగ వేడెక్కే రకం హీటర్ గట్టి చలిలో 3 నుంచి 6 కిలోవాట్ల దాకా లాగుతుంది, రేంజ్ మీద, అంటే ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం మీద, ఆ దెబ్బ బాగా తెలుస్తుంది. హీట్ పంప్ అయితే ఏసీని తిరగేసినట్టు బయటి గాలిలోని వేడినే లోపలికి తోస్తుంది, ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, చలి ముదిరేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది. నిస్సాన్ లీఫ్‌లో 2013 మోడల్ నుంచి కొన్ని వేరియంట్లలో, టెస్లా మోడల్ వై 2020లో వచ్చినప్పటి నుంచీ హీట్ పంప్ ఉంది. ఏ రకమైనా సరే, చార్జింగ్‌లో ఉండగానే క్యాబిన్ వేడి చేసుకుని బయల్దేరండి, దారిలో సీటు హీటర్ వాడండి. సీటుకి కావలసింది వంద వాట్ల లోపే, క్యాబిన్ గాలంతా వేడి చేయడంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఇంజన్ వేడెక్కి ముల్లు ఎరుపు వైపు పోతుంటే

ఎంత ఎండలోనైనా సరే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్ వేడి, ఫ్యాన్ ఫుల్ స్పీడ్ పెట్టండి. హీటర్ కోర్ రెండో రేడియేటర్‌లా పనిచేసి ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది, బండిని పక్కకి తీసి ఆపే దాకా ఊపిరి దొరుకుతుంది. అలా పెట్టినా ముల్లు పైనే ఉండి, గాలి మాత్రం చల్లగా వస్తోందంటే కోర్‌లోకి కూలెంట్ రావడం లేదు, బహుశా కారిపోయింది. అప్పుడు ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు, పక్కన ఆపగలిగిన మొదటి చోటే ఆపి ఇంజన్ కట్టేయండి.